చూసి నిజం చెప్పండి



తీసిన ఫొటోని ఎవరో ఒకరికి చూపిస్తాం. చూసినవాళ్లు ఏదో ఒకటి అంటారు. ఆ మాట ఎలా ఉండాలి, దాన్ని వినేవాళ్లు ఎలా వినాలి అన్నదే ఈరోజు నా ప్రసంగ విషయం. చిన్న సంగతిలా కనిపించవచ్చు. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కెమెరా పట్టుకున్న కుర్రాళ్లకూ, కెమెరా ముందు నిలబడి పైకి రావాలనుకునే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇది బతుకుతెరువుతో ముడిపడిన సంగతి.

మాది శ్రీకూర్మం. పెళ్లిళ్లు, పేరంటాలు, పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటూ బతికేవాణ్ణి. మా ఊరికి కెమెరాలు ఎందుకొస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. కూర్మనాథుడి గుడి, శ్వేతపుష్కరిణి, శాసనాలు చెక్కిన రాతి స్తంభాలు, మండపం గోడల మీద పాత రంగుల చిత్రాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. కాస్త ముందుకెళ్తే మత్స్యలేశం, అక్కడ సముద్రం, ఒడ్డున తెప్పలు. ఇంకాస్త పోతే కళింగపట్నం లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు. పెళ్లికి ముందు జంటల్ని వెంటబెట్టుకుని వచ్చే ప్రీ వెడ్డింగ్ బృందాలు, డిగ్రీ చదువుతూ మోడలింగ్ వైపు చూస్తున్న పిల్లలు, సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి కొనుక్కుని ఆదివారాలు తిరిగే కుర్రాళ్లు, అందరూ ఇటే వస్తారు. వీళ్లకి లెన్సులు దొరుకుతున్నాయి, డ్రోన్లు అద్దెకి దొరుకుతున్నాయి, నేర్పే వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. దొరకనిది ఒక్కటే. వాళ్ల ఫొటోల ముందు కూర్చుని, చూసి, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి.

ఎందుకు దొరకడు? ఇంట్లోవాళ్లకి ప్రేమ. మావాడు తీశాడు కాబట్టి బాగుందంటారు. స్నేహితులకి మొహమాటం. రేపు తమ ఫొటోలూ చూపించాలి కదా! పక్క స్టూడియో ఆయనకి ఈ కుర్రాడు ఎదిగితే తన గిరాకీ ఏమవుతుందోనని లోపల గుబులు, అందుకని ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇంకో రకం మనుషులున్నారు. పెద్దరికం నిలబెట్టుకోడానికి "ఇదీ ఒక ఫొటోయేనా?" అని తీసిపారేస్తారు. మెచ్చుకున్నవాడూ, తీసిపారేసినవాడూ వేరువేరుగా కనిపిస్తారు గానీ చేసిన పని ఒకటే. ఇద్దరూ ఫొటోని చూడలేదు. ఒకడు మనిషి మొహం చూసి మాట్లాడాడు, రెండోవాడు తన హోదా చూసుకుని మాట్లాడాడు.

దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఆ పిల్లలే. ఊళ్లో అందరూ బాగుందన్న ఆల్బమ్ చంకన పెట్టుకుని విశాఖపట్నమో హైదరాబాదో వెళ్తారు. అక్కడ రోజుకి పదిమంది పోర్ట్‌ఫోలియోలు చూసే మనిషి నాలుగు పేజీలు తిప్పి, "చూస్తాం, ఫోన్ చేస్తాం" అంటాడు. ఆ ఫోన్ రాదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. అప్పు చేసి ఇంకో లెన్సు కొంటారు, ఇంకో షూట్‌కి డబ్బు కడతారు, అవే తప్పులు ఇంకాస్త ఖరీదుగా చేస్తారు. మొదటి రోజే ఎవరైనా దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు నిజాలు చెప్పి ఉంటే ఆ డబ్బూ మిగిలేది, ఆ ఏడాదీ మిగిలేది. కళ్లముందు తప్పు కనిపిస్తున్నా మొహమాటానికి నోరు మూసుకోవడం మంచితనం అనిపించుకోదు. అది ఎదుటివాడి కష్టాన్ని లెక్కచేయకపోవడం.

సరే, మరి ఎలా చెప్పాలి? నేను పాటించే పద్ధతి చెబుతాను.

ఫొటోలు తెరిచేముందు ఒక ప్రశ్న అడగాలి. "ఇవి ఎవరికి చూపించబోతున్నావు?" పెళ్లివాళ్లకి చూపించే ఆల్బమ్ వేరు. పది పెళ్లిళ్లలోంచి ఏరిన పది మెరుపులు చూపిస్తే పెళ్లికూతురి తండ్రికి నమ్మకం కుదరదు. రాట వేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఒక్క పెళ్లి మొత్తం ఎలా తీశావో ఆయన చూడాలి. ప్రకటనల ఏజెన్సీకి వెళ్లే మోడల్ ఫొటోలు వేరు. అక్కడివాళ్లకి సూర్యాస్తమయాలు అక్కర్లేదు. మొహం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి, నవ్వుతూ ఒకటి, జుట్టు వెనక్కి కట్టి ఒకటి. మేకప్ లేకుండా, సాదా గోడ ముందు, పగటి వెలుతురులో తీసినవి కూడా అడుగుతారు. పోటీలకి పంపే ఫొటో మళ్లీ వేరు. అది పక్కన ఇంకేదీ లేకుండా ఒంటరిగా నిలబడాలి. ఏ పని కోసమో తెలియకుండా మంచిచెడ్డలు చెప్పడం కుదరదు. మోడల్ పోర్ట్‌ఫోలియో చూస్తూ "మబ్బులు బాగా వచ్చాయి" అంటే ఆ అమ్మాయికి ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న అయ్యాక, కాసేపు మాట్లాడకుండా చూడాలి. ఒక్కో ఫొటో ముందు కనీసం అర నిమిషం. ముందు కన్ను ఎక్కడికి వెళ్లింది, తర్వాత ఎటు పోయింది, ఎక్కడ చిక్కుకుంది, ఇవి గమనించాలి. నోరు తెరవగానే తీర్పు చెప్పకూడదు. చూసింది చెప్పాలి. "నాకు ముందు ఎర్ర బకెట్ కనిపించింది, తర్వాతే మనిషి కనిపించాడు." ఈ ఒక్క మాటతో తీసినవాడికి సగం అర్థమైపోతుంది. అతని ఉద్దేశం మనిషిని చూపించడం. బకెట్ అక్కడుందని అతను గమనించనేలేదు.

ఆ తర్వాత తప్పు చెప్పాలి, తప్పుకి కారణం చెప్పాలి, ఈసారికి ఏం చేయాలో చెప్పాలి. ఈ మూడూ కలిస్తేనే అది సలహా. మా ఊరి ఫొటోలతోనే మూడు ఉదాహరణలు చెబుతాను.

మా స్వామి పడమటి ముఖంగా కొలువై ఉంటాడు. గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలున్నాయి. గుడి దగ్గర తీసిన ఫొటోల్లో నేను తరచు చూసే తప్పు, అమ్మాయి తలమీంచి స్తంభం మొలిచినట్టు కనిపించడం. "బ్యాక్‌గ్రౌండ్ బాలేదు" అంటే ఆ కుర్రాడు ఏం దిద్దుకుంటాడు? వచ్చేవారం వేరే గుడికి వెళ్లి వేరే స్తంభం కింద నిలబెడతాడు. "స్తంభం తల వెనక వచ్చింది. కన్ను పైకి పోతోంది, మొహం దగ్గర ఆగడం లేదు. నువ్వు రెండడుగులు పక్కకి జరిగితే స్తంభానికీ మనిషికీ మధ్య ఖాళీ వస్తుంది." ఇలా చెబితే జీవితాంతం గుర్తుంటుంది.

రెండోది మత్స్యలేశం ఒడ్డున మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో. కళ్లు రెండూ నల్లటి గుంటల్లా ఉంటాయి. "డల్‌గా ఉంది" అనేస్తారు చాలామంది. డల్ ఎందుకయింది? ఎండ నడినెత్తిన ఉంది, కనుబొమల నీడ కళ్లలో పడింది. సాయంత్రం నాలుగున్నర తర్వాత రావాలి. అప్పటిదాకా ఆగలేకపోతే ఎత్తున్న పడవ నీడలో నిలబెట్టి మొహం ఆకాశం వైపు తిప్పాలి. అదీ కాకపోతే నడుము ఎత్తులో తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకుంటే కింద నుంచి వెలుగు కళ్లలోకి వెళ్తుంది. ఆ షీటు ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది. ఖరీదైన లైటు లేదని బాధపడే కుర్రాడికి ఈ మాట ఎంత ధైర్యం ఇస్తుందో ఆలోచించండి.

మూడోది సెల్‌ఫోనుతోనో వైడ్ లెన్సుతోనో మొహానికి మరీ దగ్గరగా వెళ్లి తీసినది. ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఫొటో చూసుకున్న పిల్ల తన ముక్కే అంత అనుకుని కుమిలిపోతుంది. తప్పు ముక్కుది కాదని ఎవరో ఒకరు చెప్పాలి. కెమెరా నాలుగైదు అడుగులు వెనక్కి జరగాలి, 85 ఎం.ఎం. దరిదాపు లెన్సుతో తీయాలి. మొహం మొహంలా వస్తుంది.

బాగున్నదాన్ని కూడా ఇలాగే కారణంతో చెప్పాలి. "తెప్పకి కట్టిన తాడు నా చూపుని జాలరి చేతుల దగ్గరికి తీసుకెళ్లింది. తెలిసే పెట్టావా?" అని అడగండి. తెలియకుండా కుదిరిందంటాడు చాలాసార్లు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇకమీదట తెలిసే చేస్తాడు. మెచ్చుకోలు కూడా చదువు చెప్పగలదు, దానికి కారణం తోడైతే.

ఇక ఎన్ని ఫొటోలుండాలి అన్న విషయం. "అన్నయ్యా, ఒకపాలి సూడు, ఎలగున్నాయో సెప్పు" అని వచ్చే కుర్రాళ్ల దగ్గర తరచు అరవైకి తక్కువ ఉండవు. ఒకే అమ్మాయి, ఒకే చీర, ఒకే గోడ, తల కాస్త ఇటూ అటూ. అన్నీ ఉంచాలనే మమకారం నాకు తెలుసు. ఆ ఎండలో ఎంత కష్టపడ్డాడో అతనికి గుర్తుంది. చూసేవాడికి ఆ కష్టం కనిపించదు, ఫొటోయే కనిపిస్తుంది. పన్నెండు మంచి ఫొటోల మధ్య ఒక పేలవమైనది పెడితే చూసేవాడికి గుర్తుండేది ఆ పేలవమైనదే. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫొటోగ్రాఫర్ 1955, 56 సంవత్సరాల్లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ మీద అమెరికా అంతా తిరిగి సుమారు ఇరవై ఏడు వేల ఫొటోలు తీశాడు. "ది అమెరికన్స్" పేరుతో వచ్చిన పుస్తకంలో ఉంచినవి 83. ఇరవై ఏడు వేలలో ఎనభై మూడు! మిగతావి పక్కన పెట్టగలిగాడు కాబట్టే ఆ పుస్తకం నిలబడింది.

అంత దూరం ఎందుకు, మన విజయనగరమే చూడండి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. జనం మెచ్చిన నాటకం. అయినా ఆయన దాన్ని అక్కడితో వదల్లేదు. తిరగరాసి, పెంచి, 1909లో దాదాపు కొత్త నాటకంగా మళ్లీ అచ్చువేయించారు. ఈరోజు మనం చదువుతున్నదీ ఆడుతున్నదీ ఆ రెండో కూర్పే. చప్పట్లు కొట్టించుకున్న పనిని కూడా మళ్లీ ముందేసుకుని కూర్చోవచ్చని ఈ గడ్డ మీద నూరేళ్ల కిందటే ఒక పెద్దాయన చేసి చూపించారు. మన పోర్ట్‌ఫోలియోకి మాత్రం రెండో కూర్పు ఎందుకుండకూడదు?

ఇప్పుడు మోడలింగ్ సంగతికి వస్తాను. ఇక్కడ మాట జారితే గాయమవుతుంది. లాండ్‌స్కేప్ బాగాలేదంటే కొండ బాధపడదు. మోడల్ ఫొటో విషయంలో కాగితం మీద ఉన్నది ఒక మనిషి, ఆ మనిషి మీ ఎదురుగానే కూర్చుని ఉంటుంది. అందుకని ఒక గీత గీసుకోవాలి. ఫోజు, లైటు, బట్టలు, మేకప్, భావం, ఫొటోల ఎంపిక, ఇవన్నీ మార్చుకోగలిగినవి. వీటి గురించి ఎంత కచ్చితంగానైనా మాట్లాడండి. "చేతులు పక్కకి వేలాడేశావు, వాటికి ఒక పని కల్పించు." "అన్నిట్లోనూ ఒకే నవ్వు, పళ్లు మాత్రం నవ్వుతున్నాయి, కళ్లు నవ్వడం లేదు." "గడ్డం మరీ పైకెత్తావు, మెడ ఎక్కువగా కనిపిస్తోంది." ఇవి పనికొచ్చే మాటలు. ఒడ్డూ పొడుగూ, రంగు, ముక్కు తీరు పుట్టుకతో వచ్చినవి. వాటిమీద వ్యాఖ్యానించే హక్కు మనకి లేదు. ఫలానా పనికి ఫలానా ఎత్తు అడుగుతారని సమాచారంగా చెప్పవచ్చు. ర్యాంపు మీద నడిచే పనికి ఎత్తు అడుగుతారు, చీరలకీ నగలకీ తినుబండారాలకీ చేసే ప్రకటనల్లో ఆ పట్టింపు అంతగా ఉండదు. ఇది దారి చూపించే మాట. "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నది దారి మూసేసే మాట.

రంగు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. మన జిల్లాల్లో ఎండలో పనిచేసే మనుషులం. చామనచాయ, నలుపు మన రంగులు. "ఫొటో నల్లగా వచ్చింది" అన్న ఫిర్యాదు వినని స్టూడియో లేదు. శ్రోతలారా, అది చర్మం తప్పు కాదు, లెక్క తప్పు. కెమెరా లోపలి మీటరు తన ముందున్నదంతా నడిమి బూడిదరంగు అనుకుని వెలుగు లెక్క కడుతుంది. సున్నం వేసిన తెల్లగోడ ముందు నల్లటి అమ్మాయిని నిలబెడితే, ఆ తెల్లదనాన్ని చూసి కెమెరా వెలుగు తగ్గించేస్తుంది. గోడ బూడిదరంగుకి వస్తుంది, మొహం చీకట్లోకి పోతుంది. మొహం దగ్గర వెలుగు కొలిచి తీస్తే, అదే అమ్మాయి, అదే గోడ, చర్మం తన సొంత నిగారింపుతో వస్తుంది. కాబట్టి మోడల్‌తో "నువ్వు నల్లగా ఉన్నావు" అనే బదులు ఫొటోగ్రాఫర్‌తో "నువ్వు గోడకి లెక్క కట్టావు, మొహానికి కట్టు" అనాలి.

ఫిల్ము రోజుల్లోనూ ఈ అన్యాయం ఉంది. కొడాక్ కంపెనీ రంగుల ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకి ఒక నమూనా ఫొటో పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. దానిమీద ఉన్నది తెల్లజాతి యువతి. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు. రకరకాల రంగుల మనుషులతో నమూనా కార్డులు రావడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. అంటే కొలబద్దే ఒక రంగు వైపు ఒరిగి ఉంటే, ఆ కొలతకి అందనివాళ్లు తమలో లోపముందనుకున్నారు.

తెనాలిలో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన నటి శోభిత ధూళిపాళ 2013లో మిస్ ఎర్త్ పోటీలో మన దేశం తరఫున నిలబడ్డారు. తొలిరోజుల్లో ప్రకటనల ఆడిషన్లకి వెళ్తే రంగు చాలదని మొహం మీదే అన్నారని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ తీర్పులో నటన గురించిన మాట లేదు, దిద్దుకోదగ్గ లోపం ఒక్కటీ లేదు. అలాంటి మాటని విమర్శ అని ఒప్పుకోకూడదు. ఇప్పుడు కాలం కొంత మారింది. నల్లగా ఉన్నవాళ్లని తక్కువ చేసి చూపించే ప్రకటనలు కూడదని దేశంలోని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరు 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. మన స్టూడియోల్లో మాత్రం పెళ్లికూతురి మొహాన్ని కంప్యూటర్‌లో తెల్లగా చేసే అలవాటు పోలేదు. మొహం తెలుపు, మెడ గోధుమ రంగు, చేతులు చామనచాయ, మూడూ ఒకే ఫొటోలో! ఇలాంటి రీటచ్ చూసినప్పుడు సీనియర్లు ఊరుకోకూడదు. మచ్చలు కడిగేసి, చర్మం మైనంలా నునుపు చేస్తే ఏజెన్సీ వాళ్లకి ఆ ఫొటో పనికిరాదు కూడా. మనిషి ఎదురుగా వెళ్లి నిలబడినప్పుడు ఫొటోకీ మనిషికీ పొంతన ఉండదు.

బట్టల విషయంలోనూ ఇదే. మన పొందూరు ఖద్దరు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట. ఆ ఖద్దరు కట్టుకుని పోర్ట్‌ఫోలియో తీయించుకునే పిల్లలుండటం సంతోషం. కానీ ఎదురు నుంచి ఫ్లాష్ కొట్టి, కంప్యూటర్‌లో నునుపు చేసి, ఆ నేతని చెరిపేస్తున్నారు. పక్క నుంచి వెలుగు పడితే పోగు పోగూ కనిపిస్తుంది. బట్ట అమ్మేవాడికి కావలసింది అదే.

ఫొటో ఎలా ఉందన్నదొక్కటే కాదు, ఎలా తీశారన్నది కూడా విమర్శలో భాగమని నా నమ్మకం. శ్వేతపుష్కరిణి దగ్గర పితృకార్యాలు జరుగుతాయి. అయినవాళ్లని పోగొట్టుకున్న కుటుంబం గుండు చేయించుకుని నీళ్లలో దిగి ఉంటుంది. అలాంటి ఫొటో ఎవరైనా చూపిస్తే, కూర్పు గురించి మాట్లాడేముందు "వాళ్లని అడిగావా?" అనాలి. అడగకపోతే ఎంత గొప్పగా ఉన్నా పోర్ట్‌ఫోలియోలోంచి తీసేయమని చెప్పాలి. నక్షత్ర తాబేళ్లకి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. తాబేలుని చేత్తో ఎత్తి పట్టుకున్న మోడల్ ఫొటో ముద్దుగా కనిపించవచ్చు. ఆ జీవిని అలా భయపెట్టే ఫొటోకి మెచ్చుకోలు దక్కకూడదు. గుడి లోపల ఎక్కడ కెమెరా తీయవచ్చో సిబ్బందిని ముందే అడగడం కూడా ఈ మర్యాదలోనిదే.

ఆడపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. పోర్ట్‌ఫోలియో చూసి సలహా చెబుతాం, ఒక్కదానివే రా అని ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దమ్మా. సలహా నలుగురున్న చోట, తలుపులు తెరిచి ఉన్నచోట చెప్పవచ్చు. లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు. కెమెరా ముందు కూర్చునే స్త్రీ నిశ్చింతగా ఉండాలన్న ఆలోచన అంత పాతది. ఇక డబ్బు సంగతి. పని ఇప్పించి అందులో వాటా తీసుకోవడం ఏజెన్సీ వ్యాపారం. పని చూపించకుండా మీ ఫొటోలు అద్భుతం, మా దగ్గరే మళ్లీ తీయించుకోండి, ఇంత కట్టండి అంటే ఆ పొగడ్తని అనుమానించండి. నిజాయితీగల విమర్శకుడు మీ జేబులోకి చేయిపెట్టడు.

ఇంతసేపూ చెప్పేవాళ్ల బాధ్యత చెప్పాను. వినేవాళ్ల బాధ్యత కూడా అంతే పెద్దది.

ఫొటో చూపించినప్పుడు ముందుగానే కథ మొదలుపెట్టకండి. "ఆరోజు మబ్బేసింది, బ్యాటరీ అయిపోయింది, ఆ అమ్మాయి ఆలస్యంగా వచ్చింది" అని చెబితే చూసేవాడు ఫొటోని వదిలేసి మీమీద జాలిపడతాడు. మీ ఫొటో ఏజెన్సీ బల్లమీద ఉన్నప్పుడు పక్కన నిలబడి ఈ కథ చెప్పడానికి మీరుండరు. మాట్లాడకుండా వినండి. కాగితం మీద రాసుకోండి. "బాలేదు" అని ఊరుకుంటే, "ఎక్కడ బాలేదండి? ఒక్క చోటు చూపించండి" అని అడగండి. విని రాసుకున్నది అప్పటికప్పుడు ఒప్పుకోవద్దు, కొట్టెయ్యొద్దు. రెండు రోజులు పోనిచ్చి మళ్లీ ఫొటో ముందు కూర్చోండి. మనసు కుదుటపడ్డాక కన్ను బాగా చూస్తుంది. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఒకే చోటు వేలు పెట్టి చూపిస్తే అక్కడ లోపం ఉన్నట్టే. ఒక్కరే అంటే అది వాళ్ల అభిరుచి కావచ్చు.

ఎందుకంటే విమర్శకులూ పొరబడతారు. ఇందాక రాబర్ట్ ఫ్రాంక్ పేరు చెప్పాను. ఆయన పుస్తకం 1959లో అమెరికాలో వచ్చినప్పుడు అక్కడి పేరున్న ఫొటో పత్రికలో రాసినవాళ్లు దాన్ని చీల్చి చెండాడారు. మసకగా ఉన్నాయన్నారు, గింజలు తేలాయన్నారు, దిగంతం ఒరిగిపోయిందన్నారు. ఆ తర్వాతి తరాలు అదే పుస్తకాన్ని ముందుపెట్టుకుని ఫొటోగ్రఫీ నేర్చుకున్నాయి. అలాగని మీ ఫొటోలో దిగంతం ఒరిగినప్పుడల్లా ఫ్రాంక్ పేరు చెప్పి తప్పించుకోవద్దు. ఎందుకు ఒరగనిచ్చారో మీరు చెప్పగలగాలి. చెప్పగలిగితే ఆ ఫొటో మీద నిలబడండి, ఎవరేమన్నా తీయకండి. విన్నది చివరికి జల్లెడ పట్టాల్సింది మీరే. పోర్ట్‌ఫోలియో మీద ఉండేది మీ పేరు.

మోడల్‌గా నిలబడిన పిల్లలకీ ఇదే చెబుతాను. ఫొటోలు ఎంచుకునేటప్పుడు మీరూ కూర్చోండి. మీకు ఇబ్బందిగా ఉన్న ఫొటోని బయటికి ఇవ్వొద్దని చెప్పే హక్కు మీకుంది. తిరస్కరించినవాళ్లు మీ ఫొటోలని తిరస్కరించారు, ఆ రోజు, ఆ ఒక్క పనికి. మీ మొహాన్ని, మీ పుట్టుకని కొట్టేసే అధికారం ఎవరికీ లేదు.

పోటీలు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఇండియా అంతటా ఫొటో క్లబ్బుల్ని కలిపే సమాఖ్య 1953లో ఏర్పడింది. సలాన్లు అనే ఫొటో పోటీలు జరుగుతున్నాయి, మన తెలుగువాళ్లకి ఎన్నో పతకాలు వచ్చాయి. మంచిదే. కానీ సలాన్‌లో న్యాయనిర్ణేతలు కొద్ది క్షణాల్లో మార్కు వేస్తారు. మీకు వచ్చేది ఒక అంకె, అంగీకారమో తిరస్కారమో. ఎందుకో రాదు. అంకె చూసి ఎవరూ ఫొటో దిద్దుకోలేరు. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాల్సిందే.

ఆ కూర్చోవడం మనకి కొత్తేమీ కాదు. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం స్థాపించారు. ఈ ప్రాంతపు కథకులు అచ్చుకి పంపే ముందు కథ ఒకరికొకరు చదివి వినిపించుకోవడం, నిర్మొహమాటంగా మాట్లాడుకోవడం, ఇంటికెళ్లి మళ్లీ రాసుకోవడం మామూలే. ఉత్తరాంధ్ర కథకి వచ్చిన పేరులో ఆ అలవాటుకి చాలా వాటా ఉందని నేను నమ్ముతాను. కథకులు చేసుకున్న ఈ పని ఫొటోలు తీసేవాళ్లం మనం ఎందుకు చేయం?

అందుకే నా విన్నపం ఇది. ప్రతి మండల కేంద్రంలో నెలకి ఒక ఆదివారం, ఏ స్కూలు గదిలోనో, గ్రంథాలయంలోనో, స్టూడియో ముందరి అరుగు మీదో కలుద్దాం. ఒక్కొక్కరు పన్నెండు ఫొటోలు తేవాలి, అంతకు మించి వద్దు. వీలైతే ప్రింట్లు వేయించి తేవాలి, ఫోన్ తెర మీద తప్పులు దాక్కుంటాయి. తెచ్చినవాడు పూర్తయ్యేదాకా మాట్లాడకూడదు. కారణం చెప్పకుండా బాగుందనీ అనకూడదు, బాలేదనీ అనకూడదు. రంగు మీద, ఒంటి మీద మాట ఉండకూడదు. ఆడపిల్లలు వస్తే వాళ్లతో అమ్మో అక్కో స్నేహితురాలో వచ్చి కూర్చోవచ్చు. చూసిన ఫొటోలు గది దాటి బయటికి పోకూడదు. దీనికి నిధులు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు. నలుగురు పెద్దలు ముందుకొచ్చి, తెలిసింది దాచుకోకుండా చెబితే చాలు.

సీనియర్ ఫొటోగ్రాఫర్లకి ప్రత్యేకంగా ఒక మాట. మీ పక్క ఊరి కుర్రాడు బాగా నేర్చుకుంటే మీ గిరాకీ పోదు. ఈ జిల్లాల్లో మంచి ఫొటో అంటే ఏమిటో జనానికి తెలుస్తుంది. తెలిసిన జనం మంచి పనికి మంచి డబ్బు ఇస్తారు. ఈ వారంలోనే ఎవరో ఒకరు మీకు ఫొటో చూపించి ఎలా ఉందని అడుగుతారు. అర నిమిషం ఆగి చూడండి. మీకు కనిపించింది చెప్పండి, దానికి కారణం చెప్పండి, ఈసారి ఏం చేయాలో చెప్పండి. ఆ మూడు మాటలూ మీరు అతనికి ఇచ్చే మూడు నెలల చదువు.